తలా తోకా ఉన్న చేప కథ!

సినిమా నచ్చకపోతే హాల్లోంచి బయటికొస్తూ మనం అనే మొదటి మాట ఏమిటి? "తలా తోకా లేని కథరా బాబూ!" అనే కదా! మరి ఇవాళ మీ ముందుకు వస్తున్నది అక్షరాలా తలా తోకా ఉన్న కథ. ఇందులో హీరో మొదటి రీలు నుంచి ఆఖరి రీలు దాకా ఒక్క ముక్క కూడా కాకుండా నిలుస్తాడు. ఒంటిమీద కత్తిగాట్లు పడతాయి. కాగే నూనెలో దూకుతాడు. ఎర్రటి రసంలో పావుగంట ఈదుతాడు. చివరికి పళ్లెంలో దర్జాగా పడుకుంటాడు. ఎవరా హీరో అంటారా? చేప! చైనా పద్ధతిలో, కారంకారంగా, ముక్కలు కొట్టకుండా నిండుగా వండే చేప.

ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో కూడా చెప్పాలి. తైవాన్ దర్శకుడు ఆంగ్ లీ 1994లో 'ఈట్ డ్రింక్ మ్యాన్ ఉమన్' అని ఒక సినిమా తీశాడు. భార్య పోయిన ఒక పెద్ద వంటవాడు, పెళ్లి కావలసిన ముగ్గురు కూతుళ్లు, ప్రతి ఆదివారం తప్పనిసరిగా అందరూ కలిసి చేయాల్సిన భోజనం... ఇంతే కథ. కానీ మొదటి సీను చూడాలి! పెద్ద జాడీలోంచి బతికున్న చేపను పట్టుకోవడంతో మొదలు. తర్వాత కత్తి, పీట, కడాయి, ఆవిరి. నిమిషాల తరబడి చేతులే నటిస్తాయి. ఫైటింగు లేదు, పాట లేదు, అయినా చూపు తిప్పుకోలేం. ఆ వంటవాడి వేషం కట్టిన సిహుంగ్ లుంగ్ ముఖంలో కనిపించే శ్రద్ధ చూస్తే, మన ఎస్వీ రంగారావు 'మాయాబజార్'లో లడ్డూల మీద పెట్టిన శ్రద్ధే గుర్తొస్తుంది. కాకపోతే ఘటోత్కచుడికి వండే శ్రమ లేదు, తినే శ్రమే!

ఆ సీను చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. మనమూ వండితే? అదీ వేములవాడలో?

బండి మీది చైనా

మా ఊళ్లో చైనా అంటే రెండే. ఒకటి బ్రూస్‌లీ. 1973లో వచ్చిన 'ఎంటర్ ది డ్రాగన్' పేరు చెబితే ఇప్పటికీ మా మామల తరం చేతులు లేపి పోజు పెడుతుంది. రెండోది సాయంత్రమయ్యేసరికి వెలిగే ఫాస్ట్‌ఫుడ్ బండి. టంగుటంగుమని గరిటె చప్పుడు, ఎగిసిపడే మంట, నూడుల్స్, మంచూరియా. రాజన్న దర్శనానికొచ్చిన భక్తులు కూడా తిరుగు బస్సుకు టైముంటే ఆ బండి దగ్గర ఆగుతారు.

ఆ మంచూరియాకు మంచూరియాతో చుట్టరికమే లేదన్న సంగతి మీలో ఎందరికి తెలుసు? కలకత్తాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975 ప్రాంతంలో బొంబాయిలో దాన్ని కనిపెట్టాడని చెబుతారు. మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తీసుకుని, మసాలా పొడి వేయాల్సిన చోట సోయాసాస్ పోశాడట. అంతే, దేశమంతా సూపర్‌హిట్! దాన్ని తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. రాత్రి సెకండాట చూసి వచ్చి బండి దగ్గర నిలబడి తినే ప్లేటు మంచూరియాకు సాటి ఏముంది? కానీ ఆ ఎరుపంతా మిర్చిదే అనుకుంటే పొరపాటు. కృత్రిమ రంగుల గొడవ ముదిరి 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో వాటిని వాడకూడదని నిషేధించింది. ఇంట్లో వండితే రంగు డబ్బా అక్కర్లేదు. ఎందుకో ముందుముందు చూస్తారు.

బండి మీద చేప అడిగితే వచ్చేది ముల్లు తీసిన ముక్కలు, కార్న్‌ఫ్లోర్ పిండి పట్టించి కరకరలాడేలా వేయించినవి. హైదరాబాద్ వాళ్లు మురిసిపోయే అపోలో ఫిష్ కూడా ఆ కుటుంబమే. అక్కడ మంట పెద్దది, టైము తక్కువ. మనం చెప్పుకునే చేపది వేరే దారి. ముందు నిండు చేపను రెండు వైపులా వేయించి, తర్వాత కొద్దిపాటి రసంలో సన్నని సెగ మీద మగ్గబెట్టి, ఆ రసాన్ని మళ్లీ చేపకే పట్టించడం. సోయాసాస్‌తో ఎర్రగా మగ్గబెట్టిన దాన్ని వాళ్లు 'హోంగ్ షావ్' అంటారు. సిచువాన్ రాష్ట్రం వాళ్లు దానికి కారం ముద్ద జోడించి 'దౌబాన్ యూ' అంటారు. యూ అంటే చేప. ఈ 'యూ' అనే మాటతో ఇంకో పని ఉంది, గుర్తుపెట్టుకోండి!

మిర్చి ఇద్దరికీ మేనత్తే

సిచువాన్ కారానికి ప్రాణం దౌబాన్ ముద్ద. చెంగ్డూ నగరం పక్కన పీషియన్ అనే ఊరు దానికి ప్రసిద్ధి. పెద్ద చిక్కుడు జాతి గింజల్ని, ఎర్ర మిరపకాయల్ని ఉప్పుతో కలిపి మట్టి కుండల్లో పులియబెడతారు. ఎండకు మూత తీస్తారు, వానకు మూస్తారు, కలియబెడుతూ నెలల తరబడి, మంచి రకమైతే ఏడాదికి పైగా ఊరనిస్తారు. ఈ వర్ణన వింటుంటే మీకు మీ అమ్మమ్మ ఇంటి అటకమీది జాడీ గుర్తుకు రావడంలేదూ?

నాకైతే వెంటనే వచ్చింది. పండుమిర్చి తొక్కు! కొన్నిచోట్ల కొరివికారం అంటారు. చలికాలం పోయే రోజుల్లో పండు మిరపకాయలు సంతకు రాగానే తొడిమెలు తీసి, ఉప్పూ చింతపండూ వేసి దంచి, జాడీకెత్తి ఊరబెడతాం కదా, అదే. చూడగా చూడగా సిచువాన్ జాడీకీ తెలంగాణ జాడీకీ మధ్య గింజల తేడా, చింతపండు తేడా తప్ప పెద్ద దూరమేమీ లేదు. దూరం లేకపోవడానికి కారణమూ ఉంది. అయిదారు వందల ఏళ్ల కిందట చైనాలోనూ మిరపకాయ లేదు, మన దగ్గరా లేదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడలెక్కి ఆసియాకు వచ్చిన సరుకది. అంతకుముందు మనం మిరియాలతోనే గడిపాం. వచ్చిన అతిథికి రెండు దేశాలూ ఉప్పుతో కుండలో పీట వేశాయి, అదీ సంగతి!

కనుక దౌబాన్ సీసా కోసం హైదరాబాద్ పరుగెత్తనక్కర్లేదు. ఆన్‌లైన్లో తెప్పించుకోగలిగితే మంచిదే, కాదనను. లేకపోతే తొక్కే సై. ఒక్క జాగ్రత్త: మెంతిపిండి కలిపి, ఇంగువ తాలింపు పెట్టేసిన తొక్కు పనికిరాదు. మెంతి వాసన వచ్చిందంటే చేప చైనా వెళ్లదు, మళ్లీ మనింటి పులుసులోకే వచ్చేస్తుంది. తాలింపు పెట్టని ముడి తొక్కు కావాలి. గింజల రుచి లోటు కొంత ఉంటుంది; దాన్ని సోయాసాస్ తీరుస్తుంది, అదీ పులియబెట్టిన గింజల సరుకే కాబట్టి. మరి సిచువాన్ వాళ్లు వేసే, నాలుకను జివ్వుమనిపించే ఆ ప్రత్యేకమైన మిరియం? అది మా అంగట్లో దొరకదు. వదిలేయండి. దాని బదులు మామూలు మిరియం వేసి అదే ఇదని చెప్పుకోవడం నాకు ఇష్టంలేదు.

చెరువులో చైనా చుట్టాలు

ఇక హీరో ఎంపిక. సినిమాలో హీరో తప్పయితే దర్శకుడు ఎంత మొత్తుకున్నా లాభం ఉండదు కదా!

వేములవాడకు నీళ్ల భాగ్యం ఉంది. పక్కనే మూలవాగు. కాస్త దూరంలో మధ్య మానేరు జలాశయం. దానికింద కొన్ని ఊళ్లే మునిగిపోయాయి. ఇళ్లూ పొలాలూ ఉన్నచోట ఇప్పుడు వలలు పడుతున్నాయి. ఆ ఊళ్ల వాళ్లు ఆ చేపను చూసి ఏమనుకుంటారో వాళ్లకే తెలుసు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, గడ్డిచేప, అదృష్టం బాగుంటే కొర్రమీను... మా వైపు జలాశయాల్లో, చెరువుల్లో దొరికేవి ఇవే.

ఇందులో ఇద్దరు చైనా చుట్టాలున్నారు! మన చెరువుల్లో ఇప్పుడు ఎక్కువగా పెరిగే బంగారుతీగ రకాన్ని 1957లో బ్యాంకాక్ నుంచి ఇండియాకు తెచ్చారు. అది చైనా సంతతిదే. గడ్డిచేప 1959లో హాంకాంగ్ నుంచి వచ్చింది. అంటే మన ముత్తాతలకు తెలియని ఈ చేపలు ఆరేడు దశాబ్దాల్లో మన చెరువుల్లో ఇల్లూ వాకిలీ ఏర్పరచుకుని, మన పులుసులో మునిగి, మనవే అయిపోయాయి. చైనా ఇళ్లల్లో ఈ వంటకు ఎక్కువగా వాడేదీ ఈ కుటుంబం చేపలనే. కాబట్టి బంగారుతీగను దౌబాన్ రసంలో వేయడమంటే దాన్ని పుట్టింటికి పంపడమే!

ముళ్ల భయం ఉన్నవాళ్లు కొర్రమీను తీసుకోండి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా గౌరవం పొందింది కూడా అదే. కండ గట్టిది, విరగదు, సన్న ముళ్లుండవు. ధర మాత్రం స్టార్ హీరో పారితోషికంలా ఉంటుంది. రవ్వయినా దివ్యంగా ఉంటుంది. ఏదయినా ముప్పావు కిలోకు మించకుండా చూసుకోండి. ఎందుకంటే కిలోన్నర చేపను నిండుగా పడుకోబెట్టే కడాయి మన ఇళ్లల్లో ఉండదు. బయల్దేరే ముందు కడాయిని జానతో కొలుచుకుని వెళ్లినా తప్పులేదు.

వారం కూడా చూసుకోవాలి సుమా! మాది రాజన్న ఊరు. సోమవారం చాలా ఇళ్లల్లో నీసు ముట్టరు. ఆదివారం పొద్దున్నే వెళితే తాజా సరుకు. జూన్ మొదట్లో మృగశిర కార్తె నాడు మాత్రం వెళ్లకండి. ఆ రోజు చేప తినాలని తెలంగాణ అంతా రోడ్డుమీదే ఉంటుంది. కొత్త సినిమా మొదటి ఆటకు టికెట్ దొరకడమే సులువు.

నేను వెళ్లిన ఆదివారం చేపలమ్మే అక్క కత్తిపీట ముందు కూర్చుని చకచకా ముక్కలు కొడుతోంది. నా రవ్వను చేతిలోకి తీసుకుంది.

"పులుసు ముక్కలు గొట్టాల్నా, ఫ్రై ముక్కలా తమ్మీ?"

"ముక్కలొద్దక్కా. పొలుసు గీకి, పొట్ట జీరి శుభ్రం జేసి గట్లనే ఇయ్యి. తలకాయ ఉండాలె. మొప్పలు మాత్రం తీసెయ్యి."

కత్తిపీట ఆగింది. "గట్లనేనా? నిండు చేప ఎట్ల వండుతవ్? ఎవలకు, దేవునికా?"

"ఇంట్లకే అక్కా. చైనోళ్లు గట్లనే వండుతరు."

"ఏమో తమ్మీ... ఇన్నేండ్ల సంది కొడుతున్న, ముక్కలు గాని చేపను ఇంటికి తీస్కపోయినోన్ని నిన్నే సూస్తున్న" అంటూనే, పొట్టలోపలి నల్లటి పొరను గోటితో గీకి మరీ ఇచ్చింది. ఆ పొర, వెన్నుముల్లు వెంబడి గడ్డకట్టిన నెత్తురు, మొప్పలు... నీచు వాసన చాలావరకు ఈ మూడింటిదే. అక్క చేతికి దండం! ముక్కలు కొట్టే కూలీ తగ్గుతుందనుకున్నాను గానీ, ఒక్క రూపాయి తగ్గించలేదు.

ఇక షూటింగ్ మొదలు

చేపను ఉప్పునీళ్లతో కడగండి. పసుపు వద్దు, ఇక్కడ పసుపు వేషం లేదు. రెండు వైపులా, ముల్లు తగిలేదాకా, ఏటవాలుగా మూడేసి గాట్లు పెట్టండి. రసం లోపలికి దిగడానికీ, మందమైన వెన్నుభాగం, పలుచని పొట్ట ఒకేసారి ఉడకడానికీ ఈ గాట్లు. అర చెంచా ఉప్పు, కొద్దిగా మిరియాలపొడి రాసి పావుగంట ఉంచండి. నీళ్లూరతాయి. ఇప్పుడు అసలు రహస్యం: చేపను శుభ్రమైన బట్టతో లోపలా బయటా పొడిగా తుడవండి. మళ్లీ తుడవండి. తడి చేప నూనెలో పడితే రెండు ప్రమాదాలు. ఒకటి చిటపటా చిందడం. రెండోది, ఆ తడి ఆవిరయ్యేదాకా తోలు వేగదు, ఉడుకుతుంది. ఉడికిన తోలు ఇనుముకు అతుక్కుపోతుంది. తిప్పబోతే హీరో చొక్కా చిరిగినట్టే.

ఇంటిల్లిపాదీ వాడి నల్లబడ్డ ఇనుప కడాయి ఉంటే అంతకంటే కావలసింది లేదు. ముందు ఉత్త కడాయిని పొగ వచ్చేదాకా కాల్చండి. తర్వాత అయిదారు చెంచాల నూనె పోసి, కడాయిని అటూఇటూ వంచి గోడలకంతా పట్టించండి. చేపమీద చిటికెడు పొడి కార్న్‌ఫ్లోర్ దులపండి. చాలు. ఇది బండి మీది ముద్ద కోటు కాదు. తోక పట్టుకుని, తల మీకు దూరంగా పెట్టి, మెల్లిగా జార్చండి.

జార్చాక ఏం చేయాలి? ఏమీ చేయకూడదు! కుర్రకారుకు కష్టమైన పని ఇదే. గరిటె పెట్టి కదిలించాలని చేతులు దురదపెడతాయి. నాలుగు నిమిషాలు ఊరుకోండి. కడాయిని కొద్దిగా ఊపి చూడండి. చేప తనంతట తాను జరిగిందంటే తోలు వేగినట్టు. అప్పుడు వెడల్పాటి గంటెలు రెండు పెట్టి ఒక్కసారి తిప్పండి. రెండోవైపు మూడు నిమిషాలు. లోపల ఉడకనక్కర్లేదు, దానికి రసం ఉంది. మెల్లగా పళ్లెంలోకి తీసేయండి. ఇంటర్వెల్!

సెకండాఫ్ కథంతా రసానిదే. కడాయిలో మిగిలిన నూనె రెండు మూడు చెంచాలుంటే చాలు, ఎక్కువుంటే తీసేయండి. మంట తగ్గించండి. సన్నగా తరిగిన అల్లం ఒక చెంచా, ఎల్లిగడ్డ రేకలు ఏడెనిమిది దంచి వేసి, వాసన రాగానే పండుమిర్చి తొక్కు రెండు చెంచాలు వేయండి. ఇక్కడ ఆగి చూడండి. సన్నని సెగ మీద నిమిషం, నిమిషంన్నర కలుపుతుంటే నూనె రంగు మారుతుంది. ముందు నారింజ, తర్వాత నిండైన ఎరుపు. మిరపకాయ రంగు నీళ్లకంటే నూనెలోకి బాగా దిగుతుంది కాబట్టే ఈ ఓపిక. రంగు డబ్బా ఎందుకు అక్కర్లేదన్నానో ఇప్పుడర్థమైందా? మంట ఎక్కువైతే మాత్రం ఎరుపు కాస్తా గోధుమరంగైపోయి, చేదెక్కుతుంది. ఇల్లంతా దగ్గు.

సోయాసాస్ ఒకటిన్నర చెంచా, చక్కెర ఒక చెంచా వేయండి. చక్కెరా అని ముఖం చిట్లించకండి. తొక్కు ఉప్పునీ సాసు ఉప్పునీ ఒక దారికి తెచ్చేది అదే, తీపి పైకి తేలదు. తొక్కులో చింతపండు ఉంది గనుక వెనిగర్ అర చెంచా చాలు. దౌబాన్ ముద్ద వాడినవాళ్లు పూర్తి చెంచా వేసుకోండి. ఈ పులుపు ఊరికే రుచికే కాదు. చెరువు చేపకు ఒక్కోసారి మట్టివాసన వస్తుంది. నీళ్లలోని సూక్ష్మజీవులు పుట్టించే ఒక పదార్థం వల్ల వచ్చే ఆ వాసనను పులుపు విరుస్తుంది. మన అవ్వలు చేపల్లో చింతపండు అంత దండిగా పిండేది ఊరికే కాదు మరి! అజినోమోటో జోలికి పోవక్కర్లేదు, సోయాసాస్ ఉన్నచోట అది చేసే పని కొంత జరిగిపోతూనే ఉంటుంది. విడిగా ఉప్పు? వేయకండి. చివర్లో రుచి చూసి, కావాలంటే అప్పుడు.

రెండు గ్లాసుల వేడినీళ్లు పోయండి. చన్నీళ్లు పోస్తే కాగుతున్నది కాస్తా చల్లారిపోయి, మళ్లీ మరిగేదాకా చేప నానుతుంది. మరుగు రాగానే చేపను జార్చండి. రసం చేప నడుము దాకానే రావాలి, మునిగిపోకూడదు. మునిగితే అది పులుసు! మూతపెట్టి సన్నని సెగమీద పన్నెండు, పదిహేను నిమిషాలు. మధ్యమధ్య మూత తీసి గంటెతో రసాన్ని చేపమీద పోస్తూ ఉండండి, ముఖ్యంగా గాట్లలోకి. ఇక తిప్పవద్దు. వెన్నుముల్లు దగ్గర చెంచా కొనతో కదిపితే కండ ముల్లును వదిలి పలకలుగా విడివడాలి. విడిందా? అయితే చేపను పొడవాటి పళ్లెంలోకి మార్చండి. పొడవాటి పళ్లెం లేదంటారా? అరటాకు ఉంది కదా!

మిగిలిన రసాన్ని మంట పెంచి సగానికి మరిగించండి. అర చెంచా కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాల నీళ్లలో కలిపి పోస్తే నిగనిగలాడుతూ చిక్కబడుతుంది. ఉల్లాకు చారెడు చల్లి, ఆ ఎర్రటి రసాన్ని తలనుంచి తోకదాకా పోయండి. చూశారా క్లయిమాక్స్!

తలకాయ ఎవరికి?

సినిమా అయిపోయిందనుకుని లేవకండి. అసలు డ్రామా వడ్డన దగ్గరే.

మా ప్రాంతపు భోజనం గొడవ దేశమంతా చూసింది. సిరిసిల్ల ప్రాంతం కథతో, ఆ గడ్డ మనిషి వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో వచ్చిన 'బలగం' గుర్తుందిగా! బావకూ బావమరిదికీ ఏళ్లతరబడి మాటలు లేకుండా చేసింది ఏమిటి? ఆస్తి కాదు, పగ కాదు. విస్తట్లో పడాల్సిన ఒక నల్లి బొక్క! నవ్వుకున్నాం గానీ అందులో అబద్ధమేముంది? మన ఇళ్లల్లో ఎవరి విస్తట్లో ఏ ముక్క పడిందన్నదే మర్యాదకు కొలబద్ద. చేపల కూరయినా అంతే. తలకాయ బాపుకు. నడిమి ముక్కలు అల్లుడికి, వచ్చిన చుట్టానికి. తోకలు పిల్లలకు. గిన్నె గీకితే వచ్చే పులుసు, ఆ అడుగున చెదిరిన ముక్క... అది అవ్వకు. ఎప్పుడూ ఎవరూ ఇలా అని రాసిపెట్టలేదు. గంటె ఆమె చేతిలోనే ఉంటుంది, పంపకమూ ఆమే చేస్తుంది, చివరిదీ ఆమెకే మిగులుతుంది.

చైనాలో కూడా పెద్దరికం లేకపోలేదు. నిండు చేప బల్లమీదికి వస్తే దాని తల పెద్దవాళ్ల వైపో, అతిథి వైపో తిప్పి పెడతారు. వాళ్లు మొదలుపెట్టాకే మిగతావాళ్లు. కానీ ఆ తర్వాత పంపకం లేదు. చేప నడుమ ఉంటుంది, చుట్టూ అందరూ కూర్చుంటారు, ఎవరి వైపున్నది వాళ్లు తీసుకుంటారు. కొత్త సంవత్సరం ముందురాత్రి విందులో తలా తోకా ఉన్న చేప ఉండి తీరాలి. ఏడాది మొదలూ చివరా చక్కగా కుదరాలని. ఇందాక 'యూ' మాట గుర్తుపెట్టుకోమన్నానే? చేపను 'యూ' అన్నట్టే, మిగులును కూడా వాళ్ల భాషలో 'యూ' అనే పలుకుతారు. అందుకే ఆ రాత్రి చేపను మొత్తం తినేయరు, కొంత కావాలని మిగులుస్తారు. సముద్రతీరంలో జాలరి కుటుంబాలు ఇంకో పట్టింపు పాటిస్తాయి: తింటూ తింటూ చేపను బోర్లా తిప్పరు. తిప్పితే పడవ తిరగబడుతుందని భయం! పైవైపు కండ అయిపోయాక వెన్నుముల్లును తలతోసహా నెమ్మదిగా ఎత్తి పక్కనపెట్టి కింది కండ తింటారు. పట్టింపు సంగతెలా ఉన్నా, ముళ్లున్న చేపను తినడానికి అంతకంటే తెలివైన పద్ధతి లేదు.

మా ఇంట్లో ఆ ఆదివారం జరిగింది చెప్పనా? చాప వేసి నడుమ అరటాకు మీద చేపను పెట్టాను. అవ్వ గడప దగ్గరే నిలబడి గంటె కోసం చూసింది. గంటె లేదు.

"ఇదేంది బిడ్డా, కన్నుతోటి మన దిక్కే సూస్తున్నది! ఎట్ల పంచాలె దీన్ని?"

"పంచుడు లేదవ్వా. నువ్వు గూడ కూసోవాలె. ఎవలకాడ ఉన్నది వాళ్లే తీస్కోవాలె."

"నేను ఆఖర్కి తింట తీయ్. ముందు బాపుకు పెట్టు."

"ఆఖర్కి తింటే ముల్లే మిగుల్తది" అన్నది అక్క.

బాపు ఏమీ అనలేదు. కాస్త జరిగి చోటిచ్చాడు. అవ్వ కూర్చుంది. కొంచెంసేపు అన్నమే కలిపింది. తర్వాత వేలితో గాటు దగ్గర కండ విడదీసి, నోట్లో పెట్టుకుని, "మన తొక్కేనా గిది?" అన్నది. అవునన్నాను. "ఎల్లిగడ్డ ఇంకింత పడాలె" అని తీర్పు చెప్పి, ఈసారి పొట్టభాగం వైపు చెయ్యి చాపింది. చేపలో అన్నింటికంటే కొవ్వున్న, మెత్తని, రుచిగల చోటు అదే. ఇన్నేళ్లుగా ఆ ముక్క ఏదో గంటె ఆమెకు బాగా తెలుసు.

తలకాయ మాత్రం బాపుకే పోయింది. ఆయన దాన్ని ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. కొన్ని సీన్లు రీమేక్‌లో కూడా మారవు!

ముళ్ల విషయంలో చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. రవ్వ, బంగారుతీగల కండలో 'వై' అక్షరంలా చీలిన సన్న ముళ్లుంటాయి, తోకవైపు మరీ ఎక్కువ. పొట్టభాగం కాస్త క్షేమం. అక్కడివి పెద్ద పక్కముళ్లు, కంటికి కనబడతాయి. పిల్లలకు అది విడదీసి పెట్టండి. సినిమా చూస్తూ, ఫోన్ చూస్తూ ఈ చేప తినే ప్రయత్నం ఎవరూ చేయకండి.

పక్కన ఏం ఉండాలంటారా? వేడి తెల్లన్నం, అంతే. ఫ్రైడ్‌రైస్ చేస్తే రెండూ కొట్లాడుకుంటాయి. జొన్నరొట్టెతో కూడా ఆ రసం బాగా పోతుంది, చైనావాళ్లకు ఈ సంగతి తెలియదు పాపం.

చైనా పద్ధతిలో 'యూ' మిగిల్చినవాళ్లు మర్నాడు పొద్దున గిన్నె మూత తీసి చూడండి. ఫ్రిజ్‌లో రసం గడ్డకట్టి ఎర్రటి జెల్లీలా వణుకుతుంటుంది. తోలులోంచీ ముళ్లలోంచీ దిగిన జిగురది. ముళ్లు ఏరేసి, వేడిచేసి, మరుగుతుండగా రెండు గుడ్లు కొట్టి వదిలేయండి; తెల్లసొన బిగుసుకోగానే దించేయండి. ఒకవేళ మర్నాడు సోమవారమై, మీది మాలాంటి ఇల్లయితే, మంగళవారం దాకా ఆగాల్సిందే!